కుళ్ళాయప్ప చెప్పిన ప్రాణభయం

తిట్టకుండా ఈ మనిషి గురించి చెప్పడం నాకు చేతకాదు. ముందే చెబుతున్నాను, తర్వాత ఎవరూ నొచ్చుకోవద్దు. తిట్టడం కూడా నాకు ఊరికే రాదు. ఇష్టమైనవాళ్ళ మీదే వస్తుంది.

విడపనకల్లులో బస్సు దిగి ఎవర్నడిగినా పరుపుల కుళ్ళాయప్ప అంగడి చూపిస్తారు. రోడ్డు వారన పొడుగాటి రేకుల షెడ్డు. ముందర దూది ఏకే మిషను, వెనక పరుపులు కుట్టే చోటు, దాని పక్కనే ఇల్లు. వాళ్ళు దూదేకులవాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవాడట. కుళ్ళాయప్ప కూడా చిన్నతనంలో ఆ విల్లు మోసినవాడే. ఊరి బయట కొంచెం నల్లరేగడి ఉంది, వాన దయ తలిస్తే శనగ వేస్తాడు. దయ తలచనప్పుడు పరుపులే గతి.

ఈ పనిలో మోసం చాలా సులువు. పాత దూది ఏకి, పైపైన కొత్త దూది పరిచి, గలేబు గుడ్డ తొడిగి కుట్టేస్తే ఎవరూ విప్పి చూడరు. కుళ్ళాయప్ప ఆ పని ఎన్నడూ చేయలేదు. పాతది పాతదని, కొత్తది కొత్తదని మొహం మీదే చెబుతాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, దూది విషయంలో ఇంత నికార్సయిన మనిషి, బతుకులో ఒక్కసారి, ఎక్కడ నిజం చెబితే చాలో సరిగ్గా అక్కడే అబద్ధం చెప్పాడు. అదీ పిలవని పేరంటానికి పోయినట్టు, ఎవరూ అడగని అబద్ధం.

నా పేరు ఉమాదేవి. మాది కణేకల్. ఇక్కడి హైస్కూల్లో ఆటల టీచరుగా వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. కుళ్ళాయప్ప కూతురు షాహిస్తా నా దగ్గరే చదివింది. ఖోఖోలో అంతంత మాత్రం, కబడ్డీకి పిలిస్తే గోడ పక్కన నిలబడేది. అనంతపురంలో ఒకసారి ఎయిర్ పిస్టల్ శిబిరం పెడితే పిల్లల్ని తీసుకుపోయాను. అందరి చేతుల్లోనూ ఆ పిస్తోలు గాలికి ఆకు ఊగినట్టు ఊగింది. ఈ పిల్ల చేయి చాపితే, చాపిన చేయి చాపినట్టే ఉండిపోయింది. శిబిరం పెట్టినాయన నా వైపు తిరిగి, ఈ అమ్మాయి ఇంట్లో ఏం పని చేస్తుందని అడిగాడు. పరుపులు కుడుతుందని చెప్పాను. దబ్బనం పట్టి, పరుపు పొడుగునా ఒకే వరసన కుట్టు వేసే చేయి అది. నాకప్పుడు ఎంత గర్వమైందో చెప్పలేను. నా పిల్ల కాకపోయినా నా పిల్లే అనుకున్నాను.

ఇంట్లో వద్దంటారేమో అనుకున్నాను. కుళ్ళాయప్ప మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, షెడ్డు పొడుగునా అటు చివర మందమైన గోనెసంచుల్లో పనికిరాని పాత దూది దట్టించి గోడలా నిలబెట్టాడు. దాని మీద గురి కాగితం అంటించాడు. ఎయిర్ పిస్టల్ గుళ్ళు చిన్న సీసపు ముక్కలు, ఆ దూదిలోకి దూరి అక్కడే ఆగిపోయేవి. సాయంత్రం మిషను ఆపగానే అంగడి షాహిస్తాది. వాళ్ళమ్మ మహబూబున్నీసా ఆ వేళకు ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు, కోడిపిల్లను కూడా. కుళ్ళాయప్ప తర్వాత కూర్చుని దూదిలో గుళ్ళు ఏరేవాడు. మిషనులో లోహపు ముక్క పడితే నిప్పు రవ్వ లేస్తుంది, దూది అంటుకుంటే షెడ్డు మొత్తం పోతుంది. ఆ భయం ఉండి కూడా కూతురితో ఈ ఆట వద్దని ఏనాడూ అనలేదు. అందుకే నాకు ఆయన మీద కోపమొచ్చినా కడదాకా నిలవదు.

షాహిస్తా గుంతకల్లులో డిగ్రీ చదువుతూ రాష్ట్ర పోటీల దాకా పోయింది, పతకం తెచ్చింది. అక్కడ ఆమెను చూసిన బెంగళూరు కోచ్ ఒకాయన, నీ చేతికి గాలి పిస్తోలు చాలదు, నిజమైన తూటా పిస్తోలుతో ఇరవై అయిదు మీటర్ల ఆట ఆడు అన్నాడు. ఆయన అకాడమీలో చోటు ఇస్తాననీ, అక్కడే ఉండి నేర్చుకోవచ్చనీ చెప్పాడు. ఒకటే షరతు. గాలి పిస్తోలుకు లైసెన్సు అక్కర్లేదు. తూటా పిస్తోలుకు కావాలి. ఎండాకాలం లోపల ఆమె పేరు మీద లైసెన్సు రావాలి, లేకుంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఆయన ముందే ఖండితంగా చెప్పాడు, తప్పు పట్టేదేమీ లేదు.

దరఖాస్తు నేనే దగ్గరుండి రాయించాను. ఎందుకు కావాలి అన్నచోట ఆట కోసం అని రాశాం. పతకాల నకళ్ళు, రైఫిల్ సంఘం ఇచ్చిన కాగితం అన్నీ జతచేశాం. ఇక మిగిలింది పోలీసు విచారణ. ఈ అమ్మాయి ఎలాంటిది, ఇంటివాళ్ళు ఎలాంటివాళ్ళు, ఊళ్ళో గొడవలేమైనా ఉన్నాయా అని స్టేషను నుంచి వచ్చి కనుక్కుంటారు. ఊళ్ళో ఆ కుటుంబానికి గొడవలా? కుళ్ళాయప్ప పరుపు మీద పడుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. గట్టిగా ఒక మాట అన్నవాడు లేడు. నేను నిశ్చింతగా ఉన్నాను. షాహిస్తా బెంగళూరు పోయి, లైసెన్సు వచ్చేలోగా ఆ కోచ్ క్లబ్బు పిస్తోలుతో సాధన మొదలుపెట్టింది.

ఇక కుళ్ళాయప్ప బుర్రలో ఏముందో చెప్పాలి.

పడుచుతనంలో ఆయన వజ్రకరూరు పక్క ఊళ్ళలో పెద్దపెద్ద ఇళ్ళకు పరుపులు కుట్టడానికి పోయేవాడు. అవి ఊళ్ళలో కక్షలు ముదిరిన రోజులు. పెళ్ళి పరుపులకు పోయినా, వసారాలో తుపాకి పట్టుకున్న మనిషి కూర్చుని ఉండేవాడట. ఈయన ఒక మూల దూది ఏకుతుంటే ఆ మాటలన్నీ చెవిన పడేవి. ఫలానాయనకు లైసెన్సు ఎట్లా వచ్చింది, ప్రాణభయం ఉందని రాయించుకుంటే వచ్చింది. ఇంకొకాయనకు ఎందుకు రాలేదు, పగవాడి పేరు చెప్పలేకపోయాడు గనక రాలేదు. ఇట్లాంటివి. ఇవి ఆయన తలలో అట్లాగే ఉండిపోయాయి. ఈ ప్రాంతంలో తుపాకి కాగితం అంటే ఆ వయసువాళ్ళకు తెలిసింది అదొక్కటే. పగ ఉంటే తుపాకి, లేకుంటే లేదు.

నన్నొక మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. రోజూ ఆ అంగడి ముందు నుంచే బడికి పోతాను. అడగడు. ఎందుకు అడగలేదన్నా అని తర్వాత నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? కాగితం మీద రాసేది ఒకటుంటుందట, నోటితో చెప్పేది ఒకటుంటుందట, నేను కాగితాల మనిషినట. నా చదువుకు అంత మర్యాద దక్కింది.

అడిగింది ఎవర్ని? దివాకర్‌ని. కుళ్ళాయప్ప శనగచేను గట్టుకు అవతలి చేను దివాకర్‌ది. ఇద్దరూ ఒకే బీడీకట్ట పంచుకునే మనుషులు. ఒకరి ఇంట్లో పీర్ల పండగకు చక్కెర చదివిస్తే రెండో ఇంటికి చేరవలసిందే. టీ అంగడి బల్ల మీద కూర్చుని కుళ్ళాయప్ప తన దిగులు చెప్పుకున్నాడు. పోలీసులు వస్తారు, పగవాడెవరని అడుగుతారు, నాకు పగవాడు లేడే, పాపకు లైసెన్సు ఎట్లా వస్తుంది అని. దివాకర్ గ్లాసు కింద పెట్టి నిమ్మళంగా చెప్పాడు.

"నా పేరు చెప్పన్నా. గట్టు తగాదా ఉండాదని చెప్పు. నాకేం పోతాది?"

టీ అంగడి యేసన్న కూడా, అడిగితే తానూ అదే చెబుతానన్నాడు. ఊళ్ళో ఇంత ప్రేమ పెట్టుకుని ఏం లాభం చెప్పండి? ముగ్గురికీ కలిపి ఒక్క బుర్ర ఉన్నా బాగుండేది. నేను ఇప్పటికీ దివాకర్‌ను చూస్తే కొట్టాలో మొక్కాలో తెలియక మొహం తిప్పుకుంటాను.

ఎస్సై ఒక పొద్దున వచ్చాడు. కుర్రాడే, మర్యాదస్తుడు. షెడ్డులోకి వచ్చి గోడకున్న పతకాలు చూశాడు, సంచుల మీది గురి కాగితం చూశాడు. మహబూబున్నీసా టీ ఇచ్చింది. ఈ మాటలన్నీ ఆమె చెప్పినవే. అమ్మాయి బాగా ఆడుతుందట కదా అని ఆయనే అన్నాడట. అన్న తర్వాత పుస్తకం తెరిచి, రాసుకోవాలి గనక అడుగుతున్నట్టు అడిగాడు.

"ఆట కోసమే కదా పెద్దాయనా?"

ఔను సార్ అంటే అయిపోయేది. రెండే రెండు మాటలు. ఆయన కలం కూడా సిద్ధంగా పట్టుకుని ఉన్నాడట. కుళ్ళాయప్పకు అది వల పన్నినట్టు తోచింది. ఔనంటే, ఆటలకు తుపాకులు ఇవ్వం పో అంటారని అనుకున్నాడు.

"ఆటకు తుపాకి ఎవరిస్తారు సార్?" అన్నాడు. "మాకు ప్రాణభయముండాది."

ఎస్సై కలం ఆపి తలెత్తాడు. దరఖాస్తులో ఆట అని ఉంది, మీరేమో ఇట్లా చెబుతున్నారు, బాగా ఆలోచించి చెప్పండి అన్నాడట. పాపం, ఆయన దారి చూపించాడు. ఈయనకు వెనక్కి తగ్గితే పని చెడుతుందనిపించింది. గట్టు తగాదా చెప్పాడు, దివాకర్ పేరు చెప్పాడు, రాత్రుళ్ళు నిద్ర లేదని కూడా చెప్పాడు. ఎస్సై దివాకర్‌ను పిలిపించాడు. దివాకర్ వచ్చి, ఆ మనిషంటే నాకు గిట్టదని, ఇంటిముందర నిలబడి, ఆ ఇంటి టీ తాగుతూ చెప్పాడు. వెంట వచ్చిన యేసన్న తల ఊపాడు. ఎస్సై అంతా రాసుకుని బండెక్కాడు.

ఆ సాయంత్రం కుళ్ళాయప్ప ఆనందం చూడాలి. కూతురికి ఫోను చేసి పని అయిపోయినట్టే అన్నాడు. దివాకర్‌కు ఇంట్లో భోజనం. మహబూబున్నీసా మాత్రం వడ్డిస్తూ, లేని పగను ఏంటికి తెచ్చి ఇంట్లో పెడితివి అని అడిగిందట. గమ్మునుండు, నీకేం తెలుసు అన్నాడట. ఆమెకే తెలుసు. ఆ ఇంట్లో ఆ పూట బుర్ర పనిచేసింది ఆమెకొక్కదానికే.

మొదట వచ్చింది లైసెన్సు కాదు, బైండోవర్. ఊళ్ళో ఇద్దరి మధ్య పగ ఉందని తెలిస్తే పోలీసులు చూస్తూ ఊరుకోరు కదా. ఇద్దర్నీ తహసీల్దార్ ముందు నిలబెట్టి, ఏడాది దాకా ఒకరి జోలికి ఒకరు పోమని రాయించుకుంటారు. కుళ్ళాయప్ప, దివాకర్ ఒకే మోటారు సైకిలు మీద ఆఫీసుకు పోయారు. పగవాళ్ళలాగా చెరో మూల నిలబడి సంతకాలు చేశారు. అదే బండి మీద తిరిగొస్తూ బజ్జీలు తిన్నారు. ఇది కూడా లైసెన్సుకు ఒక మెట్టే అనుకున్నారు. నాకు ఆ రోజే తెలిసింది. అంగడికి పోయి నోటికొచ్చినట్టు తిట్టాను. కుళ్ళాయప్ప నవ్వుతూ, మీకు తెల్దు టీచరమ్మా అన్నాడు. అయిపోయిందని నాకు అర్థమైంది.

తర్వాత కలెక్టరాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటివాళ్ళకు ఊళ్ళో పగలున్నాయి, తండ్రి మీద బైండోవర్ ఉంది, ఆట పేరుతో తీసుకున్న ఆయుధం గొడవల్లోకి దిగే ప్రమాదం ఉంది గనక లైసెన్సు ఇవ్వడం కుదరదు. ఎవర్ని తప్పు పట్టాలి? ఆ కాగితాలే చదివితే నేనైనా ఇవ్వను.

షాహిస్తా వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. బ్యాగు భుజం మీదే ఉంది, దించలేదు. వాళ్ళ నాయన మిషను పక్కన నిలబడ్డాడు. ఒళ్ళంతా దూది. ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆట అని చెప్పేదానికి నోరు రాలేదా నాయనా?" అని అడిగింది.

ఆయన చేతికి అంటుకున్న దూది తీసుకుంటూ నిలబడ్డాడు.

"సిన్న మాట అయితాదేమో అనుకుంటి మా. ఆటంటే ఎవురిస్తారులే అనుకుంటి."

ఇన్నేళ్ళు గుళ్ళు ఏరాడు. సంచులు నింపాడు. పతకాలకు మేకులు కొట్టాడు. కూతురు చేసేది పెద్ద పని అని ఆయన మనసుకు తెలుసు. దాన్ని ఒక అధికారి ముందర ఆట అని పేరు పెట్టి చెప్పేసరికి సిగ్గేసింది. ఎదిగిన ఆడపిల్ల ఆడుకుంటుంది, దానికి సర్కారు తుపాకి ఇవ్వాలి అంటే నవ్వుతారనుకున్నాడు. పగ అంటే ఎవరూ నవ్వరు. పగకు ఈ నేల మీద మర్యాద ఉంది. నాకు అప్పుడు ఈ నేల మీదే అసహ్యం వేసింది.

ఆ తర్వాత ఆయన తిరగని చోటు లేదు. దివాకర్‌ను వెంటబెట్టుకుని స్టేషనుకు పోయి, మేమిద్దరం స్నేహితులం సార్, అదంతా అబద్ధం అన్నాడు. ఎస్సై తల పట్టుకున్నాడట. అప్పుడు చెప్పింది అబద్ధమైతే ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్లా రాసేది పెద్దాయనా అన్నాడట. పైకి అప్పీలు పెట్టాం. బైండోవర్ గడువు తీరేదాకా ఆగమన్నారు. ఎండాకాలం వచ్చింది, పోయింది. అకాడమీలో ఆ చోటు ఇంకో ఊరి పిల్లకు దక్కింది. కోచ్ ఫోను చేసి బాధపడ్డాడు.

ఏడాది తర్వాత బైండోవర్ పోయింది. మళ్ళీ దరఖాస్తు పెడదామని కుళ్ళాయప్ప కూతుర్ని బతిమాలాడు. నేనూ బతిమాలాను. షాహిస్తా అప్పటికి ఉరవకొండలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరింది. చేరినప్పుడు నాకు సంతోషం కలగాలి, నా దారిలోకే వచ్చింది కదా. నాకు ఏడుపొచ్చింది. రోజూ చేయి చాపి నిలబెడితేనే ఆ నిలకడ ఉంటుంది మేడం, మానేసి చాలా రోజులైంది అంది. మళ్ళీ మొదలుపెట్టు అన్నాను. అంగడిలో ఆ సంచుల ముందు నిలబడితే, వెనక నాయన కూర్చుని చూస్తున్నట్టు అనిపిస్తుందట. ఆయన మొహం గుర్తుకొస్తే చేయి వణుకుతుందట. కోపం లేదు మేడం, వణుకే అంది. ఎయిర్ పిస్టల్‌ను పెట్టెలో పెట్టి పైన గలేబులు సర్దింది. ఇక నేను రెట్టించలేదు.

మొన్న ఆదివారం నా పాత పరుపు ఏకించడానికి అంగడికి పోయాను. కుళ్ళాయప్ప బాగా వంగిపోయాడు. పాత దూది పరిచి, మిషనులో వేసే ముందు చేత్తో పాయలు పాయలుగా విడదీసి వెతుకుతున్నాడు. ఏం వెతుకుతున్నావన్నా, అందులో గుళ్ళు ఎక్కడివి అన్నాను. అలవాటు టీచరమ్మా అన్నాడు. షాహిస్తా సెలవుకు వచ్చి ఉంది. లోపల పరుపు కుడుతోంది.

అంతలో కణేకల్ పక్క నుంచి అక్కమ్మ అని ఒక ముసలామె వచ్చింది. కూలి పనికి పోయే మనిషి. మనవరాలి కాన్పుకు చిన్న బొంత కావాలంది. దూది చూపించుకుంటూ, ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ, ఎంతమంది పిల్లలప్పా అని అడిగింది. ఒకటే పాప అన్నాడు. ఏం చేస్తాదని అడిగింది.

"ఆడతాది తల్లీ. పిస్తోలు ఆట. గురి చూసి కొడతాది."

ఇప్పుడు ఆయన అందరికీ ఇదే చెబుతాడు. అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. చెప్పాల్సినప్పుడు చెప్పక, ఇప్పుడు ఊరంతా టముకు వేస్తావేమన్నా అని ఒకసారి అనేశాను కూడా.

అక్కమ్మ నవ్వుతుందేమో, ఇదేం ఆట అంటుందేమో అని నేను చూస్తున్నాను. ఆమె దూదిని వేళ్ళ మధ్య నలిపి చూస్తూనే తల ఊపింది.

"ఔనా. ఆడనీప్పా, మంచిదే కదా."

అంతే. ఇంకేమీ అడగలేదు. బొంత ఎప్పటికి అవుతుందో కనుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని ఎండలోకి పోయింది.

కుళ్ళాయప్ప చేతిలో దూది అట్లాగే ఉండిపోయింది. లోపల దబ్బనం ఆగింది. ఆయన నా వైపు చూడకుండా, నెమ్మదిగా అడిగాడు.

"ఆ పొద్దు గూడా ఇంతే చెప్పింటే సాలుండె కదా టీచరమ్మా?"

తిట్టడానికి నా దగ్గర మాటలకు ఎప్పుడూ కరువు లేదు. ఆ పూట తిట్టబుద్ధి కాలేదు. కాదని చెప్పి ఊరడిద్దామా అనుకున్నాను. ఈ మనిషి దగ్గర ఇంకో అబద్ధం చెప్పడానికి మనసు ఒప్పలేదు.

"సాలుండెన్నా" అన్నాను.

ఆయన తల ఊపి, మళ్ళీ దూది విడదీయడం మొదలుపెట్టాడు. లోపల షాహిస్తా ఇంకా కుట్టు మొదలుపెట్టలేదు.